బండదాకా నడిచిన బాట

పొద్దున్నుంచీ ఆకాశం నల్లగా కమ్ముకునే ఉంది, చినుకు మాత్రం రాలలేదు. మేనత్తా, పటాలు గీసే ఆఫీసులో పనిచేసే ఆవిడ మేనకోడలూ వాగు దాటి చదునుబండ దగ్గర ఆగారు. మేనత్త చేతిలో గంజిగిన్నె ఉంది.

"పశువుల బాటే అమ్మాయ్. దానికింత ఆరా ఎందుకు?"

"పశువు వంకర్లు తిరుగుతుంది అత్తా. ఇది దారం పట్టి లాగినట్టుంది."

"గీతలు గీసేదానివి, నీకన్నీ తెలుసు."

"తెలీకే పాత పటాలు వెంట తెచ్చుకున్నా. ఇదిగో, ఇది నీ చిన్నప్పటిది. ఇది మన ఊరు, ఇది బండ. అవతల పదకొండు నల్ల చుక్కలు, చుక్కకో ఇల్లు. ముక్కలు ముక్కలుగా ఉన్న ఈ గీత అక్కడిదాకా వెళ్ళిన కాలిబాట. ఇది ఇరవయ్యేళ్ళ తర్వాత గీసింది. చుక్కలు లేవు. బాట ఉంది."

"ఉంటే ఉండనీ. నీ నెత్తిన ఉందా?"

"నా నెత్తినే ఉంది. మనుషులు నడవని బాటని కొత్త పటంలో తీసేయాలి. అది చూడ్డానికే పంపారు. ఎవరు నడుస్తున్నారు?"

"ఎవరో ఒకరు."

"ఆ ఎవరో ఒకరు ఎడమకాలు ఈడుస్తారు. బురదలో అచ్చుంది."

"మీ నాన్నా ఇంతే. వద్దన్నచోటే చూసేవాడు."

"రోజూ వస్తావా? ఈ గిన్నెతోనే?"

"కాకులకి పెడుతున్నా."

"కాకులకి ఊళ్ళో చోటు లేదా అత్తా? సరే, బాట ఇక్కడిదాకా నున్నగా ఉంది. అవతల మోకాళ్ళెత్తు గడ్డి. నేనూ బండదాకే గీస్తాను."

"వద్దు. ఊళ్ళోదాకా గియ్యి."

"ఏ ఊళ్ళోదాకా?"

"ఆ పదకొండిళ్ళ దాకా. వాళ్ళకి దారి లేకుండా చెయ్యకు, తల్లీ."

"ఎవరికి?"

"నా చిన్నప్పుడు జ్వరం పట్టింది వాళ్ళకి. మనవాళ్ళు బాటకడ్డంగా ముళ్ళకంప వేశారు. అటువాళ్ళు ఇటు రాకూడదు, మనం బండ దాటకూడదు. తిండి మాత్రం మానలేదు. మొదట్లో బిందెలతో గంజి వెళ్ళేది. పోయేవాళ్ళు పోగా, చివరికి నేను తెచ్చే ఒక్క గిన్నె సరిపోయేది. తొమ్మిదేళ్ళదాన్ని, కంప సందులో దూరేదాన్ని. ఇక్కడ పెట్టి వెళ్ళేదాన్ని. మర్నాటికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. అది తీసుకుని, గంజితో ఇంకోటి పెట్టేదాన్ని."

"ఎవరు తీసుకునేవారు?"

"చూళ్ళేదు. తోమిన చెయ్యి మాత్రం తెలుసు. అంచు కిందకూడా బూడిదతో తోమేది. మా అమ్మ అలా తోమేది కాదు."

"మరెందుకు ఆపేశారు?"

"అందరూ పోయారన్నారు."

"ఎవరన్నారు?"

"ఊరంతా అంది."

"బండ దాటకూడదంటివి. ఊరికెవరు చెప్పారు?"

"ఆ పొద్దుకూడా మబ్బు ఇలాగే..."

"అత్తా, ఎవరు చెప్పారు?"

"నేనే. 'నిన్నటి గంజి అలాగే ఉంది నాన్నా, ఎవరూ ముట్టలేదు' అన్నాను. మీ తాత తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇంక వెళ్ళకు తల్లీ అన్నాడు. తర్వాతెప్పుడో కొలతలవాళ్ళొచ్చి అడిగితే, అక్కడెవరూ లేరనే చెప్పాడు. చుక్కలు చెరిపేశారు."

"చిన్నపిల్లవి. చూసింది చెప్పావు. నీ తప్పేముంది?"

"పదిరోజులకి, ఇక్కడ ఉండిపోయిన గిన్నెకోసం వచ్చాను. కడిగే ఉంది. బోర్లించి లేదు. నోరు పైకి పెట్టి ఉంది."

"అదేంటి? గంజి ముట్టలేదన్నావుగా?"

"అన్నాను."

"మరి గిన్నె ఎవరు కడిగారు?"

"ఆ పొద్దు జల్లు మొదలైంది అమ్మాయ్. తడవబుద్ధి కాలేదు. పశువుల కొట్టంలో కాసేపు కూర్చుని, గంజి తిరిగి ఇంటికి పట్టుకెళ్ళాను. బండదాకా రానేలేదు."

"అంటే అప్పటికింకా అక్కడ ఒక మనిషి ఉంది."

"ఇప్పుడు గియ్యి, ఎక్కడిదాకా గీస్తావో."

"లే అత్తా."

"ఎక్కడికి?"

"నడవని బాట గీయకూడదని చెప్పానుగా. నడుద్దాం."

"ఈ బండ నేనెప్పుడూ దాటలేదే."

"తెలుసు. గిన్నె ఇలా ఇవ్వు."

గడ్డి తొక్కుకుంటూ వెళ్ళి, మొండిగోడల మధ్య ఆ గిన్నెకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. ఇద్దరూ మాట్లాడకుండా తిన్నారు, మూడోమనిషికి సరిపడా ఉంచి.