ఓబుళమ్మ పాతర

కరెన్న అని ఒకాయప్ప, గొర్లు మేపేటోడు. ఒక దినం పొద్దు వాలేటప్పుడు మందను తోలుకోని ఇంటికొస్తా ఉంటే, ఒక గొర్రె దారి ఇడిసి ఓబుళమ్మ చేన్లోకి దూరిందంట. కోత అయిపోయిన చేను, జొన్న కొయ్యలు తప్ప ఇంకేముంటాయి? 'హేయ్, హేయ్' అంటా దాని ఎనక పోయినాడు. ఏమైందంటే, కాలు పెట్టినకాడ నేల లేదు! దబ్బుమని లోపలికి పడిపాయె. అది పాతర. మీకు తెల్దు గానీ, అప్పట్లో జొన్నలు దాసేదానికి చేన్లోనే బావి మాదిరి గుంత తవ్వేవాళ్లు, మూతి మాత్రం సన్నగా పెట్టేవాళ్లు. గింజలు తీసేసినాక ఆయమ్మ దాన్ని పూడిపించలా, పైన సొప్ప పరిపించి ఇడిసిపెట్టింది. గొర్లన్నీ ఆ మూతి సుట్టూ చేరి ఒకటే అరుపులు. అవి ఇని జనం ఉరికొచ్చి, తాళ్లేసి పైకి లాగినారు. పానమైతే ఉంది గానీ, తొడ ఇరిగిపోయింది.

ఓబుళమ్మ అంటే ఎవురనుకుంటిరి? సగం ఊరి చేన్లు ఆయమ్మవే. మొగుడు పోయినాక తానే నిలబడి సేద్యం సేయించేది. ఆయమ్మ వీధిలోకి వస్తే మొగోళ్లు గూడా లేసి నిలబడేవాళ్లంట. కరెన్నను మంచంతోనే మోసుకొచ్చి పంచాయితీ పెట్టిరి. ఆయప్ప పెండ్లాం సుంకమ్మ ఏడుస్తా, ఇంక గొర్లను ఎవురు మేపాల, మా కడుపులెట్ల నిండాల సామీ అని అడిగె. ఊరి పెద్ద చౌడప్ప ఏమన్యాడు? 'చేను ఆయమ్మది, గుంత ఆయమ్మది. దారి ఇడిసి నిన్ను పొమ్మన్నదెవురు? పడినోడిదే తప్పు' అని తేల్చేసినాడు. కరెన్న కండ్లు మూసుకున్యాడు. అంత పెద్దామె మింద నా తట్టు ఎవురు మాట్లాడతారులే అనుకున్యాడు పాపం.

అప్పుడు లేసింది ఓబుళమ్మ. 'చౌడప్పా, ఉండు. కనపడే గుంతలో పడితే పడినోడి తప్పు. దీన్ని కనపడకుండా కప్పిచ్చింది నేను. ఆడ గుంత ఉందని నాకు తెలుసు, ఆయప్పకు తెల్దు. చేను నాదైతే ఇరిగిన కాలూ నాదే' అనింది. చౌడప్ప మెల్లగా, 'అయితే నాలుగు గింజలు కొలిపించి పంపమ్మా' అన్యాడు. 'గింజలు పంపుతా. కాలు యాడనుంచి తెచ్చియ్యాల? అది కుదిరేదాకా ఆ కాలు నడిసే నడక నేను నడుస్తా' అనింది.

తెల్లారి కరెన్న మంచంలో నుంచి చూస్తాండాడు. ఓబుళమ్మ వచ్చి, వాని గొంగడి భుజానేసుకోని, కట్టె చేతబట్టి, 'ఏ గొర్రె గుణమెట్లాంటిదో చెప్పు నాయనా' అని అడిగిందంట! వాడు లేయబోయి, 'వద్దు తల్లీ, నాకు పాపం తగుల్తాది' అంటే, 'తగిలేదుంటే నాకే తగల్నీ, నువ్వు పండుకో' అనింది. అని, పోయింది! మొదట నవ్వినోళ్లు ఉన్యారు. ఆయమ్మ ఎండనక వాననక కొండెక్కి దిగతా ఉంటే, ఆ నవ్వులు యాడికి పోయినాయో. కొండ మింద నుంచి ఆయమ్మ అదిలింపు ఇనపడితే సాలు, కరెన్న పండుకున్యకాడనే రెండు చేతులెత్తి మొక్కేవాడంట. కాలు కుదిరి వాడు మళ్లీ మంద ఎనక నడిసిన దినానగానీ ఆయమ్మ గొంగడి దించలా.

ఆ యేడు ఊర్లో ఒట్టి పాతర ఒక్కటి మిగల్లేదు, అన్నీ పూడిపాయె. అందరికంటే ముందు పూడ్సుకున్యది ఎవురనుకుంటిరి? చౌడప్పే! ధర్మం తెలిసొచ్చి కాదప్పా, గొర్ల ఎనక నడిసేది ఆయప్పతో యాడ అవుతాది!