గాజుల హసీనక్క గడ్డ సంగతి

ఎవలా? హసీనక్కనా? ఆ పేరు నీకెవలు చెప్పిన్రు బిడ్డా? కూసో మరి. కొల్లాపూర్ల మా పక్కిల్లే ఆమెది, గాజులమ్ముతుండె. ముప్పై ఎనిమిదేండ్లకు షురువైంది చేతులు, మెడ ఊగుడు. ఆమె ఊపుతలే, అయ్యే ఊగుతయి. మాట తడబడుతుండె. వాళ్ళ నాయిన తాజుద్దీన్‌కు గూడ గదే. ఎనభైలల్ల, పాపం, గాయన కల్లు ముట్టకపోయినా ఊరంత తాగుబోతు అనేటోళ్లు. హైదరాబాద్ల పెద్ద డాక్టరు హసీనక్కను చూసినంకనే ఎరుకైంది, గది హంటింగ్టన్ అనేటి రోగమని, తల్లికో తండ్రికో ఉంటే పిల్లలల్ల సగం మందికి రావచ్చని, మందు లేదని.

ఏం చెప్తున్న? ఆఁ, గడ్డ. తొంభై తొమ్మిదిల రొమ్ముల గడ్డ తగిలింది. ముందుగాల నాకే చూపించింది, "సోమమ్మా, జర పట్టి చూడు" అని. శనగ గింజంత. ఆమె తమ్ముడు వహీద్ చెడ్డోడు గాదు, కని అలిసిపోయిండు. "ఆపా, ఉన్న రోగానికే మందు లేదాయె. మల్ల గీ గడ్డెందుకు కోయించుకునుడు? అల్లా మీద ఇడిసిపెడ్దాం" అన్నడు. హసీనక్క మెడ ఊగుకుంటనే అన్నది, "ఊగే మనిషికి బతుకు మీద ఆశ ఉండదార?"

తెల్లారి ఇద్దరం పాలమూరు బస్సెక్కినం. కండక్టరు, "తాగొచ్చినవా, దిగు!" అన్నడు. "దగ్గరికి రా, నోరు వాసన చూడు" అని మొకం మీదికే పోయింది. బస్సంత నవ్విన్రు, ఆమె నవ్వలే. "మా అబ్బాను గిట్లనే దింపిన్రు. నేను దిగ." దిగలే.

దవాఖానల చిన్న వయసు డాక్టరమ్మ. కాయిదాలన్ని చూసి, "అమ్మా, ఈ ఊగే రోగమున్నోళ్లకు క్యాన్సరు తక్కువొస్తదని బయటి దేశపోళ్లు లెక్క తీసిన్రు. ఎందుకో ఇంకా తెల్వదు. కని తక్కువంటే రాదని కాదు, పరీక్ష చెయ్యాలె" అన్నది. హసీనక్క ఎంత సంబురపడ్డదో! "విన్నవా సోమమ్మా, మా అబ్బా నాకు ఒట్టి ఊగుడే ఇయ్యలే!"

వారానికి పోతే డాక్టరమ్మ తలకాయెత్తలే. క్యాన్సరే. "నేనా మాట చెప్పకపోతే మంచిగుండె" అని కండ్లల్ల నీళ్లు. నేనూ ఏడుస్తున్న. హసీనక్కనేమో ఊగే చెయ్యితోనే ఆమె చెయ్యి పట్టుకున్నది. "తక్కువన్నవు, రాదన్లే. గా తక్కువల నేనున్న. చిన్నగనే ఉన్నది గద, కొయ్యి."

మత్తిచ్చి కొయ్యనీకి గా దవాఖాన పెద్ద డాక్టరు ఎనకాముందాడిండు. ఎట్లనో ఇంక కొన్నేండ్లే గద అన్నట్టు. "ఆ కొన్నేండ్లు నాయి సారూ" అన్నది. కోసిండు.

ఆరేండ్లు బతికింది బిడ్డా. చేతులల్ల గాజులు పగులుతున్నా దుకాణం ఇడువలే. ఆఖరుకు ఆడోళ్లే ఎవలయి వాళ్లు ఏసుకుంటుంటే పక్కన కూసోని చెప్పేది, "బొటనేలు లోపలికి మడువు, గట్ల, గుంజకు" అని. గడ్డ మల్ల రాలే. పోయింది ఊగే రోగంతోనే, మెతుకు మింగరాక.

మట్టి చేసొచ్చినంక ఎవడో అన్నడు, "గప్పుడే గడ్డతోని పోతే సుఖపడేది" అని. వహీద్ లేసిండు. "గప్పుడు నేనూ గదే అన్న. తప్పన్న. మల్లొకపారి ఎవడన్న గా మాటంటే దవడ పగుల్తది" అని చెయ్యెత్తిండు.

ఆ ఎత్తిన చెయ్యి ఊగుతాంది బిడ్డా. కోపానికి ఊగినట్టు లేదు. అందరం చూసినం…

గా తలుపు జర దగ్గరికెయ్యి, ఎండ కొడుతాంది.