ఇనప పెనం

మాంచెస్టర్ టీవీ స్టూడియో మేకప్ గదిలో, ముప్పై ఏళ్లుగా ఆ హాస్యనటికి మేకప్ వేస్తున్న ఆవిడ, కుర్చీలో కూర్చున్న ఆమె పెదవి మీది నెత్తురు తుడుస్తోంది.

"నోరు తెరువు తల్లీ. పన్ను ఊడిందా?"

"సగం విరిగింది. మిగతా సగం సెట్లోనే ఎక్కడో పడుంటుంది."

"ఆ సీన్లో డెన్జిల్ రబ్బరు పెనంతో కదా నిన్ను కొట్టాల్సింది?"

"రిహార్సల్లో రబ్బరుదే. జనాన్ని కూర్చోబెట్టి షూట్ చేసేసరికి వాడు ఇనపది పట్టుకొచ్చాడు. చప్పుడు బాగుంటుందట."

"డైరెక్టర్ ఆపలేదా?"

"జనం పగలబడి నవ్వుతుంటే ఎవరాపుతారు? ఆ టేకే ఉంచేశాడు. నా మొదటి సినిమాలో చెంపదెబ్బ గట్టిగా పడలేదని పదకొండు టేకులు తీశారు. నాకు పేరొచ్చిందే ఆ చెంపతో."

"పోలీసులకు చెప్పు."

"ఏమని చెప్పను? స్క్రిప్టులో నన్ను కొట్టమని రాసింది నేనే."

మేకప్ ఆవిడ నెత్తుటి దూదిని విసిరికొట్టింది.

"మరి ఊరుకుంటావా?"

"వచ్చే వారం ఎపిసోడ్ కూడా నేనే రాశాను. అందులో వాడి వేళ్లు తలుపు సందులో పడతాయి. తలుపు మూసేది నేను."

"తలుపు అంచుకి స్పాంజి పెడతారుగా?"

"రిహార్సల్లో పెడతారు."