పడవ ఒరుగుతుందని

సఖినేటిపల్లి రేవులో పడవెక్కి ఓ మూల కూర్చున్నాను. గోదారి గురించి చెప్పమని పిలిస్తే నిన్న యూనివర్సిటీలో ఉపన్యాసం ఇచ్చి వచ్చిన మా రేవు పడవాయన గెడ వేస్తున్నారు. ఆయన భార్య చేపల తట్టతో ఎదురుగా కూర్చుని అడుగుతోంది.

“వచ్చిన దగ్గర్నుంచీ నోరిప్పరేంటండీ? రేవు పరువు తీసొచ్చేరా?”

“తీసేసేననే అనుకున్నానే. నాకంటే ముందు డాక్టరు గారు, జడ్జీ గారు మాట్లాడేరు. పిల్లలు సగం మంది నిద్దరోయేరు.”

“మన బడి మేష్టారు నేర్పి పంపిన ముక్కలు చెప్పేరా?”

“మైకు చూడగానే ఒక్కటీ గుర్తుకి రాలేదు. చూస్తే జనమంతా ఫ్యాను గాలికని ఓ పక్కకే చేరిపోయేరు. అలవాటుకొద్దీ ‘సగం మంది ఇటు రండి, పడవ ఒరిగిపోద్ది’ అని కేకేసేను.”

“ఓరి దేవుడో! నవ్వేరా?”

“నవ్వుతూనే లేచొచ్చేరు. ముందు వరసలో ఓ లావుపాటాయన మాత్రం కదల్లేదు. ‘మధ్యకి జరగండి బాబూ, బరువంతా మీ దగ్గరే ఉంది’ అన్నాను.”

“ఎవరాయన?”

“వైస్ ఛాన్సలరంట.”

“కొంప ముంచేరు! జరిగేరా?”

“జరిగేరు మరి. ఆ తర్వాత గంటసేపు గోదాట్లో పడవకి అడ్డొచ్చే ఇసక మేటల గురించి చెప్పేను. ఒక్కడూ కునుకు తియ్యలేదు. వచ్చే ఏడు కూడా రమ్మన్నారు.”

“వెళ్తారా?”

“చూద్దాం గానీ, ముందు నువ్వు తట్ట తీసుకుని మధ్యకి జరుగు.”

“ఆయ్, వైస్ ఛాన్సలరు గారే జరిగేరు, నాదేముంది!”

నన్నెవరూ అడగకపోయినా, పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని నేనూ మధ్యకు జరిగాను.