సెట్టుకీ రన్నుకీ పోటీ

అదిగో, మళ్ళీ మూతి ముడిచావు! తల్లిని కదే, ముద్దాయినా? కొట్టు కట్టేసి వస్తూనే అలా గుమ్మంలో నిలబడి గుడ్లురిమితే ఎలా? ముందు చెప్పులు విప్పి కూర్చో.

అవును, ఇవాళ పందెంలో నన్ను ఓడించింది ఆ కళ్ళజోడాయనే. మా డిక్షనరీ ఆఫీసులో నా ఎదురుబల్ల. రోజూ ఇంటికొచ్చి తిట్టిపోస్తానే, సాక్షాత్తూ ఆయనే.

మా ఆఫీసు తంతు నీకు తెలుసుగా! ఇద్దరికి పడకపోతే చెరో ఇంగ్లీషు మాట పట్టుకోవాలి. పుస్తకం ముట్టకుండా వంతులేసుకుని అర్థాలు చెప్పాలి. ముందు తడబడ్డవాళ్ళు ఎదుటివాళ్ళ మాట వినాలి. ఫ్యాను తగువూ, కిటికీ తగువూ అలాగే తేలాయి.

ఈసారి ఆయన పెట్టిన పందెమే వేరు! "నేను గెలిస్తే మన పెళ్ళి సంగతి మీ ఇంటికొచ్చి అమ్మాయితో మాట్లాడతా. ఓడితే మళ్ళీ ఆ ఊసే ఎత్తను" అన్నాడు. అదీ నలుగురిలో!

ఆయనకి సెట్టొచ్చింది, నాకు రన్నొచ్చింది. ఆయన నగల సెట్టన్నాడు, నేను క్రికెట్ పరుగన్నాను. ఆయన సూర్యుణ్ణి కుంగదీశాడు, నేను ముక్కు కార్చాను. ఆయన సిమెంటు గట్టిపడేలా చేశాడు, నేను బట్టల రంగు దిగేలా చేశాను. ఎన్నికల్లో మనం నిలబడతాం, అమెరికావాళ్ళు పరిగెడతారు అన్నానా, అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు.

చూడబోతే ఆ మాటలు రెండూ అచ్చం మాలాగే ఉన్నాయే. ఆయనది ఎక్కడ పెడితే అక్కడ కుదురుకునే రకం. నాది కాలు నిలవని రకం. చెప్పుకుంటూ పోతే నాదానికి అంతే లేదు.

ఏంటీ? మరెలా ఓడావంటావా? నీళ్ళు నమిలాను. ఆయన మొహం చూడాలి, చేటంత అయింది! పందెం పందెమేగా, నన్నేం చెయ్యమంటావు?

అబ్బా, అలా చూడకే! సరే, నీ దగ్గర దాపరికమెందుకు? కొట్టు నడపడం కూడా రన్నే. పొద్దున లేస్తే నువ్వు చేసే పనే, మర్చిపోతానా? నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

మీ నాన్న పోయాక ఈ ఇంట్లో గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చేసిందే. ఆయన ఉంటే బాగుంటుందనిపించింది, అంతే. నువ్వు వద్దంటే మానేస్తాను, ఒట్టు.

కాకపోతే ఆ వద్దనేదేదో కాస్త మెల్లిగా అను. ఆయన వంటింట్లోనే ఉన్నాడు, నీకోసం టీ పెడుతున్నాడు.