మాట కలిపించిన దేవకి గారు

1990వ సంవత్సరం జూన్ నాలుగవ తేదీ, సోమవారం నాడు, తిరుత్తణి న్యాయస్థానంలో కనిష్ఠ సహాయకురాలిగా శ్రీమతి దేవకి గారు బాధ్యతలు స్వీకరించారు. పొదటూరుపేట నేతవారి వీధిలో పుట్టి, మగ్గాల చప్పుడు మధ్యనే చదువుకుని, సర్కారు కొలువు సంపాదించిన తొలి ఆడపిల్లగా ఆ వీధికి పేరు తెచ్చిన ఆమెను ఆనాడు వెంటబెట్టుకుని వచ్చినవారు అన్నగారు తిరుమలయ్య గారు. చెల్లెలి చదువు ఆగకూడదని తాను బడి మానేసి మగ్గం గుంటలోకి దిగిన మనిషి ఆయన. లోపలికి రమ్మని పిలిస్తే, "కోర్టంటే నాకు బయం పాపా. నువ్వు పో, నేనీడనే ఉంటా" అని సాయంత్రం దాకా వరండా మెట్ల మీదే కూర్చున్నారట.

తమిళ పత్రాలను, ఆంగ్ల ఉత్తర్వులను, తెలుగు కక్షిదారుల వేదనను సమాన శ్రద్ధతో చదవగలిగిన దేవకి గారు అనతికాలంలోనే అధికారుల మన్ననకూ, న్యాయవాదుల గౌరవానికీ పాత్రులయ్యారు. పదోన్నతి మీద తిరువళ్లూరు జిల్లా న్యాయస్థానానికి వచ్చారు. వివాహమైంది, సంసారం కుదురుకుంది. ఆ నడుమనే తండ్రిగారు కాలం చేశారు.

ఆమె అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాము. తండ్రి నేసిన మగ్గాన్ని తీసివేసి, గుంట పూడ్పించి, ఆ చోట మరమగ్గం పెట్టించారు తిరుమలయ్య గారు. కాలం అలాంటిది, చేతిమగ్గంతో ఇల్లు గడవదు. కానీ ఆ మాట చెల్లెలికి ఒకరు చెబితే తెలిసింది. "నాయిన కూచున్న చోటు పూడ్చేటప్పుడు నన్నొక మాట అడగాలని తోచలేదా?" అని ఆమె నిలదీశారు. "పెండ్లయి పోయినదానివి, నీకేం పని ఈడ?" అన్నారు ఆయన. ఆ ఒక్క మాట కొంపను రెండు చేసింది. కూతురికీ హక్కున్నదని ఆమె దావా వేశారు. కోర్టంటే భయపడిన అన్నగారు ప్రతివాదిగా బోనెక్కి, చెల్లెలి వైపు చూడకుండా సాక్ష్యం చెప్పి దిగిపోయారు. దావా నడుస్తుండగానే తల్లి కన్నుమూసింది. తీర్పు దేవకి గారికి అనుకూలంగా వచ్చింది; ఇంటి నడుమ గోడ లేచింది. న్యాయం జరగలేదని ఎవరూ అనలేరు. కానీ ఆనాటి నుండి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

న్యాయస్థాన ప్రాంగణంలో మధ్యవర్తిత్వ కేంద్రం ఏర్పడినప్పుడు, ఎవరూ పెద్దగా ఇష్టపడని ఆ విభాగపు కార్యాలయ బాధ్యతను దేవకి గారు కోరి తీసుకున్నారు. ఊరివారు దానిని తమిళంలో "సమరస మైయం", అంటే రాజీ కేంద్రం, అంటారు. రాజీ కుదిర్చేది శిక్షణ పొందిన న్యాయవాదులు. కక్షిదారులను గది దాకా తీసుకురావడం దేవకి గారి వంతు. చూడడానికి చిన్న పని. కానీ ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూడనివారిని ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడం ఎంత కష్టమో తెలిసినవారికే తెలుస్తుంది. ఆమె ఎవరినీ వాది అని గానీ, ప్రతివాది అని గానీ పిలిచి ఎరుగరు. "అన్నా, యాడ దిగినారు? రైల్వే గేటు కాడనే ఉండండి, మనిషిని పంపిస్తా" అని ఫోనులో ఆమె పలికే తీరుకే సగం కోపం చల్లారిపోయేది.

వెంగల్‌కు చెందిన దామోదరం గారు, దేవేంద్రన్ గారు అన్నదమ్ముల బిడ్డలు. ఉమ్మడి బావి నీటి కోసం చాలాకాలం వ్యాజ్యమాడారు. (ఇరువురి సమ్మతితోనే వారి పేర్లు రాస్తున్నాము.) కేంద్రానికి వచ్చిన రోజున దేవేంద్రన్ గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"జడ్జయ్య ముందర నిలబడేది సులువుమ్మా. వాడి ముందర కూచునేదే నావల్ల కాదు."

"ఎందుకన్నా?"

"మా నాయిన పోతే వాడు రాలే. బావి సంగతి తర్వాతమ్మా."

"ఆ మాటే లోపలికి వచ్చి చెప్పన్నా. ఇన్నేండ్లుగా ఏ కాగితంలోనూ అది రాయలేదే, ఆయనకు ఎట్ల తెలుస్తాది?"

ఆయన లోపలికి వెళ్లారు. మధ్యవర్తిగా కూర్చున్న న్యాయవాది కలైవాణి గారు ఎంతో ఓర్పుతో విన్నారు. "వస్తే తరిమేస్తావని బయపడినా రా. మీ తోపు దాకా వచ్చి తిరిగి పోయినా" అన్నారు దామోదరం గారు తల వంచుకుని. ఆ తర్వాత నీళ్ల వంతులు కుదరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లిపోతుంటే దేవకి గారు గేటు దగ్గర నిలబడి, వారు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయారు. కలైవాణి గారు దగ్గరికి వచ్చి, "ఏమక్కా, అట్లుండావు?" అని అడిగారు.

"మా అన్న నన్ను పాపా అని పిలిచి ఎంత కాలమయిందో" అన్నారు దేవకి గారు.

ఆ ఆదివారమే ఆమె పొదటూరుపేట బస్సెక్కారు. అన్నగారు మరమగ్గం దగ్గర ఉన్నారు. ఆమెను చూశారు, చూపు తిప్పుకున్నారు. గడపలో నిలబడి పిలిచిన పిలుపుకు బదులు రాలేదు. మళ్లీ వెళ్లారు, మళ్లీ అంతే. తాను ఊరంతటికీ చెప్పే మార్గం తనకు పనికిరాదా అని ఆమె కుమిలిపోయారు. చివరికి కలైవాణి గారిని బతిమాలి, మాట్లాడిపెట్టడానికి ఆమెను ఒప్పించి, ఆ కబురు చెప్పడానికి ఇంకొకసారి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలోని మగ్గాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి.

"అన్నా, కేసు గురించి రాలేదు నేను" అన్నారు దేవకి గారు గొంతు పెంచి. "నీ మాట వినాలని వచ్చినా. నువ్వు ఊ అంటే మా లాయరమ్మ వచ్చి ఇద్దరితో మాట్లాడుతాది."

తిరుమలయ్య గారు చేతిని చెవి వెనుక ఆనించుకుని, ముందుకు వంగి, ఆ మాటలను మరోసారి చెప్పించుకున్నారు. రాత్రింబవళ్లు మరమగ్గాల మోతలో గడిపిన మనిషికి వినికిడి చాలావరకు పోయిందని దేవకి గారికి అప్పుడే తెలిసింది.

"నీ బాగం చూసుకోను వస్తావుండావనుకొన్నా. నువ్వు పిలిచింది నాకు యాడ వినబడింది?" అన్నారాయన. తర్వాత, "మనకు మూడో మనిషెందుకు పాపా? కూచో" అన్నారు.

వందలాది కుటుంబాలకు మూడో మనిషిని వెతికిపెట్టిన దేవకి గారికి, తన సర్వీసులో అంతకంటే పెద్ద రాజీ లేదు. అయినా, ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె కళ్లు తడి కాకుండా ఉండవు. చెవులు బాగున్న రోజుల్లో అన్నగారికి చెప్పవలసినవి ఎన్ని ఉండిపోయాయో! ఇప్పుడు రహస్యమైనా వీధికి వినబడేలా అరిచి చెప్పవలసిందే. అమ్మ కడసారి ఏమన్నదో అడిగితే, ఆయన వేరే దానికి జవాబు చెబుతారు. ఆమె మళ్లీ అడుగుతారు.

ఈ మాసాంతాన దేవకి గారు పదవీ విరమణ చేస్తున్నారు. కేంద్రంలో ఫోను మోగుతూనే ఉంటుంది గానీ, "అన్నా, యాడ దిగినారు?" అనే ఆ గొంతు కోసం మేమందరం వెతుక్కుంటాము. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి ఆమెకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు ఆయుష్షును అనుగ్రహించుగాక. ఆమె సోదరులు తిరుమలయ్య గారూ చల్లగా ఉందురుగాక. పోయిన ఏళ్లను ఏ తీర్పూ, ఏ రాజీ తిరిగి ఇప్పించలేదు. అందుకే రావలసిన ఏళ్లను కొంచెం ఎక్కువగా ఇమ్మని, ఆ ఇద్దరి తరఫున స్వామికి మేము విన్నవించుకుంటున్నాము.