ఎర్ర కొండచిలువ బుస

జాలరిపేటలో ఒక ఇల్లు. ఓడ ఉద్యోగం నుంచి ఏడాదికి వచ్చిన మొగుడు గాజుపెట్టె మూత తీసి, లోపలి పాము బుస కొట్టేసరికి ఎగిరి వెనక్కి దూకాడు.

"ఓలమ్మో! రక్తపింజరిని ఇంట్లో ఎట్టీసినావేటే?"

"నువ్వు మలేషియా నుంచి తెచ్చిన ఎర్ర కొండచిలువే బావా. పక్కింటోళ్లూ పింజరే అనుకుని కర్రలట్టుకొచ్చీసినారు. ఇషం లేదని నానే సెప్పి పంపీసినాను."

"మూరెడు పిల్లని తెస్తే ఇంత లావయ్యిందా! కోపమూ పెరిగినట్టుందే."

"కోపం కాదు, బయం. పైనుంచి సెయ్యెడితే గద్దనుకుంటాది. ఇలాగ పక్కనుంచి పొట్ట కింద సెయ్యి పోనియ్యాల. సూడు, నా ఒళ్లో ఎలా పడుకుందో."

"మరి నాను దగ్గరకొస్తే మళ్లీ బుస కొడతందేటి?"

"కొత్తోళ్లు కనిపిస్తే అంతే."

"నాను కొత్తోణ్నా? తెచ్చిందే నాను!"

"తెచ్చిన వారానికే ఓడెక్కీసినావు."

"అలవాటవ్వాలంటే ఎన్నాళ్లు పడతాదే?"

"ఈసారి ఎన్నాళ్లుంటావు బావా?"